ప్రింటర్‌లోని ఫాంటు, ఫైలులోని కొలత: టెక్ లైవ్ 35 ఫాంట్ల కొలతల ఫైళ్లపై సమీక్ష

పుటను ఎలా అచ్చు వేయాలో ప్రింటర్‌కు చెప్పే పోస్ట్‌స్క్రిప్ట్ భాష తెలిసిన లేజర్ ప్రింటర్లలో తయారీ నాడే అమర్చి ఉంచే 35 ఫాంట్ల కోసం, టెక్ లైవ్ అనే ఉచిత అక్షరకూర్పు సంకలనంలో సిద్ధంగా దొరికే కొలతల ఫైళ్ల గురించి, అంటే అక్షరాల వెడల్పులు రాసి ఉండే ఫైళ్ల గురించి ఈ సమీక్ష. నారాయణగూడలోని మా కంపోజింగ్ గదికి నిరుడు ఒక పాత పోస్ట్‌స్క్రిప్ట్ ప్రింటర్ వచ్చి చేరినప్పటి నుంచి ప్రూఫులన్నిటికీ ఈ ఫైళ్లనే వాడుతున్నాము. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఫైళ్లు నిక్కచ్చిగా ఉన్నాయి, వాటిలో నాకు తప్పు దొరకలేదు. అయితే అవి మన ఎదురుగా ఉన్న ప్రింటర్‌కు సరిపోతాయా లేదా అన్నది ఆ సంకలనంలో ఏ ఫైలూ చెప్పదు. ఆ మాట ప్రింటర్ చేతనే చెప్పించుకోవాలి. ఈ సంగతి తెలియక మేము రెండు వారాలు పోగొట్టుకున్నాము కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను.

మా చేతిలో ఉన్న పని ఇంగ్లీషు–తెలుగు శాస్త్ర పదకోశం. పదిహేనేళ్ల కిందట లాటెక్‌లో, అంటే టెక్ అనే అక్షరకూర్పు ప్రోగ్రాము మీద నడిచే పద్ధతిలో కూర్చిన ఫైళ్లు. పుటకు రెండు కాలమ్‌లు. ఇంగ్లీషు పదం హెల్వెటికా నారో అనే సన్నని ఫాంటులో, దాని పక్కనే తెలుగు అర్థం తెలుగు ఫాంటులో. ఆ ఫైళ్లను మార్చకుండా కొత్త ముద్రణకు సిద్ధం చేయాలన్నది ఒప్పందం. ప్రింటర్‌ను సికింద్రాబాద్‌లో పాత కంప్యూటర్ సామాను అమ్మే ఒక దుకాణంలో కొన్నాము. దుకాణం పేరు రాయను. 35 ఫాంట్లూ ఉన్నాయని అమ్మినాయన గట్టిగా చెప్పాడు, మేమూ నమ్మాము.

మొదటి ప్రూఫు చూసిన మా మాస్టారు, అంటే నలభై ఏళ్లుగా ప్రూఫులు దిద్దుతున్న పెద్దాయన, పెన్సిలు పక్కన పెట్టి, "ఏమండీ, ఇంగ్లీషు మాట వచ్చిన చోటల్లా దాని వెనకాల తెలుగు పక్కకు జరిగిపోతోంది, చూశారా?" అన్నారు. చూశాను. ఎడమ అంచు దారం పట్టి గీసినట్టు నిటారుగా ఉంది. కుడి అంచు రంపపు పళ్లలా ఉంది. పొడవైన ఇంగ్లీషు పదం ఉన్న వరుసలో తెలుగు అర్థం రెండు కాలమ్‌ల మధ్య ఖాళీలోకి చొచ్చుకుపోయింది. పొట్టి పదం ఉన్న వరుస దాదాపు సరిగానే ఉంది. పైగా ఇంగ్లీషు పదాలు టైప్‌రైటర్ మీద కొట్టినట్టు కనిపిస్తున్నాయి. పాత సంపాదకులు ఆ పద్ధతినే కోరుకున్నారేమోనని మాలో ఒకరు అనుకున్నారు కూడా. తెలుగు అక్షరాలలో మాత్రం ఏ లోపమూ లేదు. ఒత్తులు, గుడులు అన్నీ ఉండవలసిన చోటనే ఉన్నాయి. తెలుగు ఇటువంటి ప్రింటర్లలో ముందుగా అమర్చి రాదు, ప్రతిసారీ కంప్యూటర్ నుంచే వెళ్తుంది. కనుక తెలుగు సరిగా ఉండి ఇంగ్లీషు ఒక్కటే చెడిందంటే, చెడింది ప్రింటర్ సొంత ఫాంట్ల దగ్గరే అయి ఉండాలి.

సీసపు టైపు కాలంలో ఈ చిక్కు పుట్టడానికి వీలే లేదు. అక్షరం ఎంత వెడల్పు ఉంటే కంపోజిటర్ చేతిలో అంత వెడల్పు సీసం ఉండేది. అక్షరమూ దాని కొలతా ఒకే ముక్క. పోస్ట్‌స్క్రిప్ట్ వచ్చాక అవి రెండూ విడిపోయాయి: అక్షరం ఆకారం ప్రింటర్ జ్ఞాపకంలో ఉంటుంది, దాని వెడల్పు మాత్రం కంప్యూటర్‌లోని ఒక చిన్న ఫైలులో ఉంటుంది. వరుసలో ఎన్ని పదాలు పడతాయో, ఎక్కడ విరవాలో నిర్ణయించే టెక్ ప్రోగ్రాము అక్షరాన్ని ఎన్నడూ చూడదు; కొలతల ఫైలును చదివి, ఇంత వెడల్పు గల ఒక ఖాళీ పెట్టె ఇక్కడ ఉంటుందని లెక్క వేసుకుంటుంది. ఆ పెట్టెలో అక్షరాన్ని నింపడం తరువాత ప్రింటర్ చేసే పని. నింపినది పెట్టెకు సరిపోకపోతే టెక్‌కు తెలిసే దారి లేదు.

ఈ సంకలనంలో ఒక్కో ఫాంటుకు రెండు రకాల కొలతల ఫైళ్లు ఉన్నాయి. మొదటిది అడోబీ సంస్థ రూపొందించిన ఏఎఫ్ఎమ్. ఇది మామూలు పాఠం, ఏ ఎడిటర్‌లోనైనా తెరిచి చదువుకోవచ్చు. టైమ్స్ రోమన్ ఫైలు తెరిస్తే ఇంగ్లీషు పెద్ద ఏ (A) అక్షరానికి ఒక వరుస కనిపిస్తుంది: దాని సంకేత సంఖ్య 65, వెడల్పు 722, ఆ తరువాత ఆకారం ఇమిడే పెట్టె నాలుగు హద్దులు 15, 0, 706, 674. ఈ అంకెలన్నీ ఫాంటు సైజులో వెయ్యో వంతుల లెక్కన ఉంటాయి. అంటే 10 పాయింట్ల టైమ్స్‌లో పెద్ద ఏ 7.22 పాయింట్ల చోటు తీసుకుంటుంది. చిన్న ఏ 444, అంకెలు ఒక్కొక్కటి 500, పదాల మధ్య ఖాళీ 250. హెల్వెటికాలో అవే వరుసగా 667, 556, 556, 278. కొరియర్‌లో లెక్కే అక్కరలేదు, ప్రతి అక్షరమూ 600. కాసేపు ఈ ఫైలును చదివితే ఫాంట్ల స్వభావం చూపుతో కాకుండా అంకెలతోనే అర్థమవుతుంది. ఇది నాకు ఇప్పటికీ ఇష్టమైన కాలక్షేపం.

రెండవది టీఎఫ్ఎమ్. టెక్ ఏఎఫ్ఎమ్‌ను నేరుగా చదవదు, ఈ బైనరీ రూపమే దానికి కావాలి. ఏఎఫ్ఎమ్‌ను టీఎఫ్ఎమ్‌గా మార్చే చిన్న పనిముట్టు, టెక్ ఫలితాన్ని పోస్ట్‌స్క్రిప్ట్‌గా మార్చే డీవీఐపీఎస్ అనే ప్రోగ్రాముతో పాటే వస్తుంది. ఆ మార్పిడిలో ఏమైనా పోతుందా అన్న అనుమానం సహజమే. టీఎఫ్ఎమ్ నిర్మాణంలో ఎత్తులకు, లోతులకు ఒక్కోదానికి 16 విలువల కంటె చోటు లేదు కనుక దగ్గరి ఎత్తులను కలిపివేయక తప్పదు. కాని వెడల్పులకు 256 విలువల చోటు ఉంది కనుక వాటిని కలపవలసిన అవసరం రాదు. వరుసను నిలబెట్టేది వెడల్పే కాబట్టి ఈ మార్పిడిని నిశ్చింతగా నమ్మవచ్చు. పేర్ల దగ్గర మాత్రం ఒక హెచ్చరిక. లేజర్‌జెట్ ప్రింటర్ల సొంత ఫాంట్లకు ఇచ్చే కొలతల ఫైళ్లకు కూడా చివర టీఎఫ్ఎమ్ అనే ఉంటుంది, కాని అది పూర్తిగా వేరే నిర్మాణం. పేజ్‌మేకర్ రోజుల నుంచి డీటీపీ చేస్తున్నవారు ఎరిగిన పీఎఫ్‌బీ (ఆకారాలు), పీఎఫ్ఎమ్ (కొలతలు) జంటలో రెండవది విండోస్ కోసం చేసిన మరో రూపం. చివరి మూడక్షరాలను చూసి ఒకదాన్ని మరొకదాని ఫోల్డర్‌లో పడేస్తే పని జరగదు.

ఈ 35 ఎక్కడి నుంచి వచ్చాయో చెప్పకపోతే తరువాతి సంగతి అర్థం కాదు. 1985లో వచ్చిన ఆపిల్ లేజర్‌రైటర్‌లో 13 ఫాంట్లే ఉండేవి: టైమ్స్, హెల్వెటికా, కొరియర్ నాలుగేసి, సింబల్ ఒకటి. మరుసటి ఏడాది వచ్చిన లేజర్‌రైటర్ ప్లస్‌లో అవి 35 అయ్యాయి. హెల్వెటికా నారో, అవాంట్ గార్డ్, బుక్‌మన్, న్యూ సెంచురీ స్కూల్‌బుక్, పలటినో నాలుగేసి చొప్పున చేరాయి; జాఫ్ చాన్సరీ, జాఫ్ డింగ్‌బాట్స్ ఒక్కొక్కటి. ఆ తరువాత చాలా ఏళ్లు పోస్ట్‌స్క్రిప్ట్ ప్రింటర్ అంటే ఈ 35 ఉన్నట్టేనని అందరూ అనుకునేవారు. అడోబీ నుంచి లైసెన్సు తీసుకోని తయారీదారులు అవే వెడల్పులతో వేరే ఆకారాలు గీయించుకుని అవే పేర్లకు జవాబిచ్చేలా అమర్చారు. మోనోటైప్ వారి ఏరియల్ హెల్వెటికా వెడల్పులకూ, టైమ్స్ న్యూ రోమన్ టైమ్స్ వెడల్పులకూ సరిపోయేలా ఉండటానికి కారణం ఇదే. జర్మనీలోని యూఆర్‌డబ్ల్యూ సంస్థ గీసిన నింబస్ మొదలైన 35 ఫాంట్లు 1996లో, పోస్ట్‌స్క్రిప్ట్‌ను కంప్యూటర్‌లోనే నడిపే ఘోస్ట్‌స్క్రిప్ట్ అనే ప్రోగ్రాము ద్వారా ఉచితంగా అందుబాటులోకి వచ్చాయి; వాటి వెడల్పులూ అడోబీ వాటికి సమానమే. ఆకారాలు ఎవరివైనా కావచ్చు, వెడల్పులు మాత్రం ఒక్కటిగా ఉండాలన్నదే ఈ ఏర్పాటు మొత్తానికి ఆధారం. ఆ మాట మీద ప్రతి యంత్రమూ నిలబడుతుందా అన్నదే అసలు విషయం.

మా కుడి అంచు రంపంలా ఎందుకు మారిందో డీవీఐపీఎస్ రాసే పోస్ట్‌స్క్రిప్ట్‌ను తెరిచి చూస్తే తెలిసింది. ప్రతి వరుస మొదట్లో పుట మీద ఫలానా చోటికి వెళ్లమని అది కచ్చితంగా చెబుతుంది. అందుకే ఎడమ అంచు ఎప్పుడూ నిటారుగా ఉంటుంది. ఆ తరువాత వరుస సాగుతున్నంతసేపూ, ఈ పదం అచ్చు వెయ్యి, ఆగిన చోటు నుంచి ఇన్ని చుక్కలు జరుగు, తరువాతి పదం వెయ్యి అంటూ పోతుంది. ఆగిన చోటు అంటే ప్రింటర్ తన ఫాంటు వెడల్పు ప్రకారం ఆగిన చోటు. అది ఫైలు లెక్కతో కలవకపోతే ఆ తేడా వరుస చివరి దాకా పేరుకుంటూ పోతుంది, కొత్త వరుసలో మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. ఎడమ నిటారుగా, కుడి ఎగుడుదిగుడుగా ఉన్న ప్రూఫు ఎవరి చేతికైనా వస్తే, మొదట అనుమానించవలసింది వెడల్పులనే.

ఇక పరీక్ష. పోస్ట్‌స్క్రిప్ట్ ఒక ప్రోగ్రామింగ్ భాష కావడం ఇక్కడ కలిసివచ్చింది. ఒక ఫాంటును వెయ్యి పాయింట్ల సైజులో తీసుకుని, అందులో ఒక అక్షరం వెడల్పు ఎంతో చెప్పమని స్ట్రింగ్‌విడ్త్ అనే ఆదేశంతో అడిగితే, ప్రింటర్ ఇచ్చే అంకె ఏఎఫ్ఎమ్‌లోని అంకెతో నేరుగా పోల్చదగినదిగా ఉంటుంది. ఇరవై వరుసల చిన్న ప్రోగ్రాము రాశాను. 35 పేర్లలో ఒక్కోదాన్నీ అడుగుతుంది; ఖాళీ నుంచి మొదలుపెట్టి 95 మామూలు అక్షరాల వెడల్పులను ఒక పుట మీద ముద్రిస్తుంది; పుట పైన, తాను అడిగిన ఫాంటు పేరునూ, నిజంగా దొరికిన ఫాంటు తనకు తాను చెప్పుకునే పేరునూ, దాని వెర్షన్ సంఖ్యనూ పక్కపక్కన వేస్తుంది. రెండు పేర్లూ వేయించాలన్న ఆలోచన నాకు చివరి నిమిషంలో వచ్చింది. అదే మమ్మల్ని గట్టెక్కించింది.

ఆ రోజు మధ్యాహ్నం పుటలు ఒక్కొక్కటే బయటికి వస్తుంటే, నేను ఏఎఫ్ఎమ్ అంకెలను తెర మీద చూసి చదవడం, మాస్టారు కాగితం మీద పెన్సిలుతో టిక్కు పెట్టడం. టైమ్స్ నాలుగూ సరిపోయాయి. హెల్వెటికా నాలుగూ సరిపోయాయి. కొరియర్‌కు టిక్కు పెట్టడానికి క్షణం కూడా పట్టలేదు. పలటినో దగ్గర మాస్టారు, "వీడు చాలా పొందికైనవాడండీ" అన్నారు, అంకెలు చూసి కాదు, పుట పైనున్న పేరు ఆకారం చూసి. హెల్వెటికా నారో పుట వచ్చింది. అడిగిన పేరు హెల్వెటికా నారో. దొరికిన పేరు కొరియర్. దాని కింద 95 గడులలోనూ 600, 600, 600. తరువాతి మూడు పుటలూ అంతే. ఈ యంత్రంలో 35 లేవు, 31 ఉన్నాయి. అడిగిన ఫాంటు లేనప్పుడు ఆగిపోకుండా కొరియర్‌ను బదులు ఇవ్వడం ఇటువంటి ప్రింటర్లలో చాలావాటికి అలవాటు. అలా చేశానని యంత్రం ఒక సందేశం పంపుతుంది గాని, అది తిరుగుదారిలో కంప్యూటర్‌కు వెళ్తుంది, కాగితం మీద పడదు. ఆ తిరుగుదారిని మేము ఎన్నడూ చూడలేదు.

ఆ తేడా ఎంతటిదో ఒక పదంతో చూపిస్తాను. కిరణజన్య సంయోగక్రియకు ఇంగ్లీషు మాట ఫొటోసింథసిస్. ఇంగ్లీషులో 14 అక్షరాలు, మొదటిది పెద్దక్షరం. హెల్వెటికాలో వాటి వెడల్పుల మొత్తం 6781. హెల్వెటికా నారో అంటే హెల్వెటికానే అడ్డంగా 82 శాతానికి కుదించినది కనుక అందులో సుమారు 5560. కొరియర్‌లో 14 ఆరువందలు, అంటే 8400. తేడా 2840. 10 పాయింట్ల సైజులో అది 28.4 పాయింట్లు, అంటే దాదాపు ఒక సెంటీమీటరు. ఒకే ఒక్క పదం దగ్గర సెంటీమీటరు జరిగితే, దాని వెనకాల ఉన్న తెలుగు అర్థం కాలమ్ దాటి పోవడంలో వింత లేదు. మాస్టారు స్కేలు పెట్టి కొలిచారు. లెక్క సరిపోయింది.

దీనికి మందు ఈ సంకలనంలోనే ఉంది, అందుకే ఫైళ్లను నేను మెచ్చుకుంటున్నాను. ఏ టీఎఫ్ఎమ్‌కు ప్రింటర్‌లోని ఏ ఫాంటు జవాబివ్వాలో చెప్పే పట్టిక ఒకటి ఉంటుంది. దాన్ని మ్యాప్ ఫైలు అంటారు. అందులో హెల్వెటికా నారో అనే పేరు ఉన్న నాలుగు వరుసలనూ మార్చి, మామూలు హెల్వెటికాను తీసుకుని 0.82 నిష్పత్తిలో కుదించమని రాశాను. డీవీఐపీఎస్‌కు ఎక్స్‌టెండ్‌ఫాంట్ అనే మాటతో ఆ పని చెప్పవచ్చు. కొలతల ఫైలును ముట్టుకోనక్కరలేదు. ఎందుకంటే హెల్వెటికా పెద్ద ఏ 667ను 0.82తో గుణిస్తే 546.94, హెల్వెటికా నారో ఏఎఫ్ఎమ్‌లో ఉన్నది 547. అంకెల వెడల్పు 556కు 455.92, ఫైలులో 456. తేడాలన్నీ వెయ్యో వంతులో సగం కూడా లేవు. ముందు ఉన్న వరుసలే, ఉన్న చోటే విరిగాయి. పదిహేనేళ్ల నాటి పుట సంఖ్యలు కూడా మారలేదు. మళ్లీ తీసిన ప్రూఫులో కుడి అంచు ఎడమ అంచుతో పోటీ పడింది.

ఈ గొలుసులో ఎవరూ ప్రింటర్‌ను అడగరన్నదే నా ఫిర్యాదు. టీఎఫ్ఎమ్‌లో ఒక సరిచూపు సంఖ్య ఉంటుంది; టెక్ దాన్ని తన ఫలిత ఫైలులో రాస్తుంది; డీవీఐపీఎస్ రెండింటినీ పోల్చి, కలవకపోతే తెర మీద హెచ్చరిస్తుంది. మంచిదే. కాని ఆ పోలిక కంప్యూటర్‌లోని ఒక ఫైలుకూ మరో ఫైలుకూ మధ్య జరిగేది. ప్రింటర్ గడప దాటి అది లోపలికి పోదు. నేను రాసుకున్న ఇరవై వరుసల ప్రోగ్రాము వంటిది సంకలనంతో పాటే ఇచ్చి, ప్రింటర్ కొన్నరోజే దీన్ని నడపండి అని ఒక్క వాక్యం రాసి ఉంటే చాలు.

రెండవ ఫిర్యాదు పేర్ల గురించి. టైమ్స్ రోమన్ టీఎఫ్ఎమ్ పేరు పీటీఎంఆర్8ఆర్. పీ అంటే అడోబీ, టీఎం అంటే టైమ్స్, ఆర్ అంటే మామూలు మందం, 8ఆర్ అంటే అక్షరాలకు సంఖ్యలు కేటాయించిన పద్ధతి. పాత కంప్యూటర్లలో ఫైలు పేరుకు ఎనిమిది అక్షరాలే చోటు ఉన్న రోజులకు తగిన పొదుపు ఇది, కాదనను. అలవాటైతే చక్కగానే ఉంటుంది. కాని కొత్తగా చేరిన కుర్రవాడికి ఇది నేర్పడం సంధి సూత్రాలు నేర్పడం కంటె కష్టంగా ఉంది.

కెర్నింగ్ గురించి తరచు ఒక అపోహ వింటుంటాను. ఇంగ్లీషు ఏ (A) పక్కన వీ (V) వచ్చినప్పుడు రెండింటినీ దగ్గరికి జరిపే సర్దుబాటు ప్రింటర్ చేస్తుందని చాలామంది అనుకుంటారు. చేయదు. ప్రింటర్‌లోని ఫాంటుకు వెడల్పులే తెలుసు, జంటల సంగతి తెలియదు. టైమ్స్ రోమన్ ఏఎఫ్ఎమ్‌లో ఆ జంటకు 135 యూనిట్లు వెనక్కి అని రాసి ఉంటుంది. టెక్ దాన్ని చదివి లెక్కలో కలుపుకుని, ప్రింటర్‌కు జరుగు అని మాత్రమే చెబుతుంది. కనుక ప్రింటర్ మారినందువల్ల కెర్నింగ్ చెడదు. చెడేది ఏఎఫ్ఎమ్ వెర్షన్ మారినప్పుడు. అడోబీ తరువాత విడుదల చేసిన టైమ్స్ రోమన్ ఫైలులో 315 అక్షరాలు, 2073 జంటలు ఉన్నాయి. వెనకటి వెర్షన్‌లో 228 అక్షరాలే, జంటలూ చాలా తక్కువ. ఒకే పుస్తకాన్ని ఒక కంప్యూటర్‌లో పాత ఫైలుతో, మరొక దానిలో కొత్త ఫైలు నుంచి చేసిన టీఎఫ్ఎమ్‌తో కూర్చితే, రెంటిలోనూ వెడల్పులు సరైనవే అయినా వరుసలు వేరే చోట విరుగుతాయి. అందుకే మా దగ్గర పుస్తకం ఫోల్డర్‌లోనే దాని టీఎఫ్ఎమ్‌లనూ భద్రపరుస్తున్నాము.

అక్షరాల సంఖ్య పెరగడంలో మరో చిక్కు ఉంది. కొత్త కొలతల ఫైలులో యూరో గుర్తు ఉంటుంది, అది పుట్టకముందే తయారైన ప్రింటర్‌లో ఉండదు. టెక్ దానికి చోటు వదులుతుంది, ప్రింటర్ ఏమీ అచ్చు వేయదు. మన రూపాయి గుర్తు సంగతి ఇంకా స్పష్టం: 2010 జులైలో ప్రభుత్వం ఆమోదించిన గుర్తు ఈ 35 ఫాంట్ల ప్రింటర్లలో ఉండే అవకాశమే లేదు, ఈ ఏఎఫ్ఎమ్‌లలోనూ లేదు. పదకోశం వెనక అట్ట మీద ధర వేయడానికి మేము తెలుగు ఫాంటులోని రూ అక్షరంతో, చుక్కతో సరిపెట్టుకున్నాము. గుర్తే కావాలనుకుంటే అది ఉన్న ఫాంటును కంప్యూటర్ నుంచి పంపవలసిందే.

అసలు ప్రింటర్ ఫాంట్లను నమ్ముకోవడం ఎందుకు, అన్నీ కంప్యూటర్ నుంచే పంపవచ్చు కదా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. టెక్ లైవ్ కూడా ఇప్పుడు ఆ పద్ధతినే మొదటి అలవాటుగా పెట్టింది: ప్రత్యేకంగా చెప్పకపోతే అడోబీ కొలతలతో కూర్చి, యూఆర్‌డబ్ల్యూ ఆకారాలను ఫైలులోనే చేర్చి పంపుతుంది. వెడల్పులు సమానం కనుక ఫలితం నిర్దోషంగా ఉంటుంది. ప్రింటర్ లోపలి ఫాంట్లనే వాడమని చెప్పడానికి బిల్టిన్35 అనే వేరే పట్టిక, అన్నీ పంపమని చెప్పడానికి డౌన్‌లోడ్35 అనే పట్టిక కూడా ఉన్నాయి. డీవీఐపీఎస్‌ను నడిపేటప్పుడు ఏది కావాలంటే దాని పేరు ఇస్తే చాలు. మేము బిల్టిన్35ను ఎంచుకోవడానికి కారణం తెలుగు. పాత తెలుగు ఫాంటు చుక్కల బొమ్మలుగా ప్రింటర్‌కు వెళ్తుంది. గుణింతాలు, ఒత్తులు కలిపి అవి చాలా ఉంటాయి. ప్రింటర్ జ్ఞాపకం చిన్నది. ఇంగ్లీషు ఫాంట్లు కూడా వాటితో పాటే వెళ్తే కొన్ని పుటల దగ్గర యంత్రం చోటు చాలక చేతులెత్తేసింది. ఇంగ్లీషు లోపలి నుంచే వస్తే ఆ బాధ తప్పింది. వేగంలో మాత్రం చెప్పుకోదగ్గ లాభం కనిపించలేదు, ఎందుకంటే డీవీఐపీఎస్ వాడిన అక్షరాలను మాత్రమే ఏరి పంపుతుంది.

తుది ప్రతి విషయంలో మాత్రం నాకు రెండో ఆలోచన లేదు. ప్లేట్లు తీసేవారికి ఇచ్చే పీడీఎఫ్‌లో ప్రతి ఫాంటూ లోపలే ఉండాలి. వాళ్ల యంత్రంలో ఏముందో అడగడానికి మన ప్రోగ్రాము అక్కడికి పోదు.

ఈ ఫైళ్లు ఎవరికి పనికిరావో కూడా చెప్పాలి. యూనికోడ్ తెలుగుతో జీటెక్‌లో, అంటే యూనికోడ్ ఫాంట్లను నేరుగా చదివే టెక్ రూపంలో పని చేసేవారికి ఇవి దాదాపు అక్కరలేదు. అక్కడ కొలతా ఆకారమూ ఒకే ఫాంటు ఫైలులో నుంచి వస్తాయి, మళ్లీ సీసపు టైపు రోజుల్లాగే. పోస్ట్‌స్క్రిప్ట్ లేకుండా పీసీఎల్ అనే మరో ప్రింటర్ భాష మాత్రమే తెలిసిన ప్రింటర్ ఉన్నవారికీ ఇవి పనికిరావు. ఆ యంత్రాలలో ఉండే సీజీ టైమ్స్, యూనివర్స్ వేరే ఫాంట్లు, వాటి కొలతలు వేరు. రెండు భాషలూ తెలిసిన ప్రింటర్‌లో కూడా ఒక భాష ఫాంట్ల జాబితా మరొక భాషకు చెల్లదు. ముందు బటన్ నొక్కి తీసే ఫాంట్ల జాబితా పుట పీసీఎల్ ఫాంట్లదేనా, పోస్ట్‌స్క్రిప్ట్ ఫాంట్లదా అన్నది చూసుకుని చదవాలి. మాకు అమ్మిన దుకాణంలో చూపించింది మొదటిదే. అందులో వరుసలు నలభైకి పైగా ఉన్నాయి, మేము మురిసిపోయాము.

వెల గురించి రాయడానికి ఏమీ లేదు, అంతా ఉచితమే. డీవీఐపీఎస్ కరదీపిక ఇంగ్లీషులో ఉంది, ఓపికగా చదివితే అన్నీ ఉన్నాయి. మ్యాప్ ఫైలు వ్యాకరణం ఉన్న అధ్యాయాన్ని రెండుసార్లు చదవక తప్పదు. కోట్ గుర్తు లోపల రాసే మాటలకూ బయట రాసే మాటలకూ అర్థం వేరు. ఒక చిన్న కోణపు గుర్తు ఉంటే ఫైలు ప్రింటర్‌కు వెళ్తుంది, లేకపోతే వెళ్లదు. నేను ఆ గుర్తును ఒకచోట మరిచి, లేని దోషం కోసం ఒక సాయంత్రమంతా వెతికాను. పట్టికను మార్చే ముందు దాని నకలు ఒకటి ఉంచుకోవడం మేలు.

పదకోశం మూడవ ప్రూఫు పోయిన నెల వెళ్లింది. మాస్టారు టిక్కులు పెట్టిన 35 పుటలనూ కుట్టి బీరువాలో పెట్టాము. వాటి సారాన్ని ఒక చిన్న కాగితం మీద రాసి ప్రింటర్ మూత లోపలి వైపు అతికించాను: 31 పేర్లు, వాటి వెర్షన్ సంఖ్యలు, కింద నాలుగు కొట్టివేతలు, వాటి పక్కన మాస్టారి చేతిరాతలో "0.82" అని ఒక అంకె.